దానంతట అదే మారుతుంది సరే, ఆ పెట్టె మూత ఎప్పుడైనా తీశారా?

సంపాదకుడు గారికి నమస్కారం.

మీ ఆదివారం అనుబంధంలో మోటర్‌హోమ్‌ల (లోపలే మంచం, వంటగట్టు ఉండే ఇల్లులాంటి బండ్ల) మీద వచ్చిన వ్యాసం రెండుసార్లు చదివాను. ఫొటోలు బాగున్నాయి. మంచం ఎలా మడుస్తారో, వంటగట్టు ఎక్కడ అమరుస్తారో, నీళ్ల ట్యాంకు ఎంత పడుతుందో చక్కగా రాశారు. ఒక్క వాక్యం దగ్గర మాత్రం ఆగిపోయాను. "బయట కరెంటు పోతే జనరేటర్ దానంతట అదే అందుకుంటుంది, మీరు పట్టించుకోవాల్సిన పనే లేదు" అని ఉంది. నా ఉత్తరం ఆ వాక్యం గురించే. అందులో రెండు తప్పులున్నాయి, రెండోది ప్రమాదకరమైన తప్పు. అది చదివి ఎవరైనా నిజంగానే పట్టించుకోవడం మానేస్తే ఏమవుతుందో నాకు తెలుసు, ఎందుకంటే నేను మానేశాను, దాని ఫలితం చూశాను.

పాతికేళ్లకు పైగా ఎలక్ట్రికల్ పని చేసినవాణ్ణి. రిటైరయ్యాక నేనూ మా ఆవిడా ఒక సెకండ్ హ్యాండ్ మోటర్‌హోమ్ కొనుక్కుని తిరుగుతున్నాం. అమెరికా తరహా బండి, 50 ఆంపియర్లది. కొనేముందు ఒక వర్క్‌షాపులో చూపిస్తే వైరింగ్ అంతా బాగుందని కాగితం మీద రాసిచ్చారు. నేనూ ఆ కాగితాన్ని నమ్మి, మంచం కింద ఉన్న ట్రాన్స్‌ఫర్ స్విచ్ (బయటి కరెంటు, జనరేటర్ కరెంటు రెండింటిలో ఒకదాన్నే లోపలికి పంపేది) పెట్టె మూత విప్పలేదు. ఏడాది గడిచింది. ఒక రోజు సాయంత్రం బండి ఆపి, బయటి కరెంటుకు తగిలించి, ఏసీ వేసి, వాటర్ హీటర్ కూడా వేశాం. గంట గడిచాక మా ఆవిడ "ఏదో నీచు వాసన వస్తోందండీ" అంది. ఆ రోజు బండిలో చేపల ఊసే లేదు. నేను ముక్కు ఎగబీల్చి వెతుకుతుండగానే ఏసీ గుర్రుమని మొరాయించింది, మరుక్షణం టీవీ టప్‌మని ఆరిపోయింది, మైక్రోవేవ్ మీద అంకెలు కూడా పోయాయి. చేతిలోకి మల్టీమీటర్ తీసుకుని ఒక ప్లగ్ పాయింటులో పెడితే 71 వోల్టులు, ఎదురుగోడ పాయింటులో పెడితే 168. రెండూ 120 చూపించాలి. రెండూ కలిపితే 239. ఆ కూడిక చూడగానే విషయం అర్థమైంది, న్యూట్రల్, అంటే కరెంటు తిరిగి వెళ్లే తీగ, ఎక్కడో తెగిపోయింది.

పరుగెత్తి బయట స్తంభం దగ్గర బ్రేకర్ దించి, ప్లగ్ లాగేసి, ఇన్వర్టర్ కూడా ఆపేసి పరుపు ఎత్తాను. పెట్టె మూత చేత్తో ముట్టుకోలేనంత వేడిగా ఉంది. చల్లారాక విప్పి చూస్తే బయటి కరెంటు వైపు న్యూట్రల్ వైరు తగిలించే లగ్గు దగ్గర తెల్లగా ఉండాల్సిన ఇన్సులేషన్ మాడిన రొట్టె రంగులోకి మారి, చివర నల్లగా పెంకులు కట్టి ఉంది. రాగి తీగల మీద ఊదా నీలం కలిసిన మరకలు. స్క్రూను రెండు వేళ్లతో తిప్పితే తిరిగింది. స్క్రూడ్రైవర్ అవసరమే లేకపోయింది. దాని చుట్టూ ఉన్న ప్లాస్టిక్ ఒక పక్కకు వాలి, మెత్తబడి మళ్లీ గట్టిపడినట్టు ఉంది. నీచు వాసన దాన్నుంచే. ఎలక్ట్రికల్ సామాన్లలో వాడే ప్లాస్టిక్, ఇన్సులేషన్ అతిగా వేడెక్కితే చాలాసార్లు అచ్చం చేపల వాసనలాంటిది వస్తుంది. పాఠకులు ఈ ఉత్తరంలో ఒక్క ముక్క గుర్తుపెట్టుకుంటే చాలనుకుంటే, ఆ ముక్క ఇదే: బండిలో కారణం తెలియని నీచు వాసన వస్తే కిటికీ తెరవడం కాదు, ముందు కరెంటు తీసేయండి.

ఇక ఆ పెట్టె సంగతి. ఆటోమేటిక్ ట్రాన్స్‌ఫర్ స్విచ్ అంటే కొత్త వింతేం కాదు, జనరేటర్ ఉన్న ఇళ్లలో, షాపుల్లో చేత్తో పైకీ కిందికీ వేసే చేంజోవర్ స్విచ్‌కు తమ్ముడు. ఇది చేత్తో వేసే పని లేకుండా దానంతట అదే వేసుకుంటుంది, అంతే తేడా. మోటర్‌హోమ్‌కు కరెంటు రెండు దారుల్లో వస్తుంది. ఒకటి, బండి ఆపిన చోట స్తంభానికి ప్లగ్ తగిలించి తీసుకునేది, దీన్ని షోర్ పవర్ అంటారు. ఓడలు రేవులో ఆగినప్పుడు ఒడ్డు నుంచి తీసుకునే కరెంటుకు పెట్టిన పేరు బండ్లకూ వచ్చింది. రెండోది బండిలోనే ఉండే జనరేటర్. బండిలో బ్రేకర్ల పెట్టె ఒక్కటే, దానిలోకి వెళ్లే దారీ ఒక్కటే. ఆ రెండింటిలో ఏదో ఒకదాన్నే లోపలికి పంపి, రెండోదాన్ని బయటే నిలబెట్టే కాపలావాడు ఈ స్విచ్.

రెండూ ఒకేసారి లోపలికొస్తే ఏంటి నష్టం, కరెంటు ఎక్కువవుతుంది అంతేగా అని చాలామంది అడుగుతారు. కాదు. రెండు కరెంట్ల అలలూ ఒకే తాళంలో ఉండవు. ఒకటి పైకి లేస్తున్నప్పుడు ఇంకోటి కిందికి దిగుతూ ఉండొచ్చు, అలాంటప్పుడు రెంటినీ కలిపితే అది దాదాపు షార్ట్ సర్క్యూటే, ముందు దెబ్బ తినేది జనరేటర్. ఇంకో సంగతి ఇంతకన్నా భయంకరం. స్విచ్ లేకుండా నేరుగా కలిపేసిన బండిలో జనరేటర్ నడుస్తుండగా బయటి ప్లగ్ ఊడదీశారనుకోండి, చేతిలో ఉన్న ఆ ప్లగ్ పిన్నులకే కరెంటు ఉంటుంది. పిల్లవాడు ఆ కేబుల్ చుట్టడానికి సాయం వస్తే? ప్లగ్ స్తంభానికే ఉండి, లైనులో కరెంటు పోయి ఉంటే మన జనరేటర్ కరెంటు వెనక్కి వెళ్లి, ట్రాన్స్‌ఫార్మర్‌లో తిరగబడి హై వోల్టేజీగా మారి పై తీగల్లోకి ఎక్కుతుంది. లైను చచ్చిపోయిందనుకుని స్తంభం ఎక్కిన లైన్‌మన్ ప్రాణం పోవచ్చు. అందుకే రెండు కరెంట్లూ కలవకుండా చేయాలన్నది నిబంధన, ఎవరి ఇష్టానికీ వదిలేసిన విషయం కాదు. అమెరికా నేషనల్ ఎలక్ట్రికల్ కోడ్‌లో ఇలాంటి బండ్ల కోసమే 551వ అధికరణం ఉంది, స్విచ్‌కు యూఎల్ 1008 అనే ప్రమాణం ఉంది. 230 వోల్టుల దేశాల్లో ఐఈసీ 60947-6-1 అనే ప్రమాణం ఈ స్విచ్‌లకు వర్తిస్తుంది.

పెట్టెలో ఏముంటుందంటే, సాధారణంగా రెండు కాంటాక్టర్లు, ఒక చిన్న టైమర్ బోర్డు. కాంటాక్టర్ అంటే పెద్ద రిలే (కరెంటుతో కదిలే స్విచ్) అనుకోండి. కాయిల్‌కు కరెంటు అందితే అది అయస్కాంతమై ఇనుప ముక్కను లాగుతుంది, ఆ ముక్కతో పాటు కదిలే కాంటాక్టులు వెళ్లి ఎదుటి కాంటాక్టులకు అతుక్కుంటాయి. ఒక కాంటాక్టర్ బయటి కరెంటుకు, ఒకటి జనరేటర్‌కు. రెండింటి మధ్య మెకానికల్ ఇంటర్‌లాక్ అని ఒక చిన్న మీట ఉంటుంది, ఒకటి మూసుకుంటే రెండోది కదలకుండా అది అడ్డంపడుతుంది. టైమర్ బోర్డు చెడిపోయినా, రెండు కాయిల్స్‌కూ ఒకేసారి కరెంటు వచ్చినా ఆ మీట ఒప్పుకోదు. ఈ పెట్టెలో నాకు అన్నిటికన్నా నచ్చేది ఆ మీటే. కొన్ని చిన్న బండ్లలో రెండు కాంటాక్టర్లకు బదులు ఒకే పెద్ద రిలే ఉంటుంది, కాయిల్‌కు కరెంటు లేనప్పుడు అది బయటి కరెంటు వైపు ఆని ఉంటుంది, జనరేటర్ వచ్చినప్పుడు అటు లాగుతుంది.

ఎక్కువ బండ్లలో జనరేటర్‌దే పైచేయి. అంటే బయటి కరెంటు ఉన్నా సరే, మీరు జనరేటర్ స్టార్ట్ చేస్తే కొంతసేపటికి స్విచ్ జనరేటర్ వైపు వెళ్లిపోతుంది, జనరేటర్ ఆపితే మళ్లీ బయటి కరెంటుకు వస్తుంది. ఆ "కొంతసేపు" చాలామందికి టెన్షన్ పెడుతుంది. జనరేటర్ గట్టిగా మోగుతూనే ఉంటుంది, లోపల ఏసీ రాదు, ఏదో పాడైందనుకుని ఆపేస్తారు, మళ్లీ స్టార్ట్ చేస్తారు, మళ్లీ ఆపేస్తారు. ఆపకండి. ఇరవై, ముప్పై సెకన్లు, కొన్నింటిలో ఇంకాస్త ఎక్కువసేపు స్విచ్ కావాలనే ఆగుతుంది. రెండు పోళ్ల (అయస్కాంత ధ్రువాల) జనరేటర్ 60 హెర్ట్జ్ ఇవ్వాలంటే నిమిషానికి 3600 చుట్లు తిరగాలి, 50 హెర్ట్జ్ అయితే 3000. ఇంజిన్ అప్పుడే మేలుకుని, దగ్గుతూ వేగం అందుకుంటున్నప్పుడు వోల్టేజీ, ఫ్రీక్వెన్సీ రెండూ ఊగుతుంటాయి. ఆ క్షణంలో ఏసీ కంప్రెసర్‌ను దాని నెత్తిన పెడితే ఇంజినూ ఆగిపోతుంది, కంప్రెసర్ మోటరూ మొరాయిస్తుంది. అందుకే టైమర్ కాసేపు చూసి, అప్పుడు కాయిల్‌కు కరెంటు వదులుతుంది. అప్పుడు మంచం కింద "టక్"మని ఒక్క బలమైన శబ్దం వస్తుంది. ఆ శబ్దం తెలిసినవాళ్లకు అదొక ఊరట. ఒక్క టక్కు కాకుండా టకటకటకమని వణుకుతున్న శబ్దం వచ్చినా, తుమ్మెద లోపల ఇరుక్కున్నట్టు జుమ్మని మోగుతూనే ఉన్నా అది ఆరోగ్యం కాదు. కాయిల్‌కు సరిపడా వోల్టేజీ అందట్లేదన్నా కావాలి, అయస్కాంతం ముఖాల మధ్య దుమ్మో, చీమో చేరిందన్నా కావాలి. చీమ అని ఊరికే అనలేదు. ఏసీల బయటి యూనిట్లు విప్పినవాళ్లనడగండి, కాంటాక్టుల మధ్య నలిగి మాడిన చీమల్ని చూడనివాళ్లు తక్కువ.

ఇప్పుడు మీ వ్యాసంలోని మొదటి తప్పు దగ్గరికి వస్తాను. ట్రాన్స్‌ఫర్ స్విచ్ జనరేటర్‌ను స్టార్ట్ చేయదు. వచ్చిన కరెంటును ఎంచుకోవడం వరకే దాని పని. బ్యాటరీ పడిపోయినప్పుడో, లోపల వేడి పెరిగినప్పుడో జనరేటర్‌ను దానంతట అదే స్టార్ట్ చేసేది వేరే పరికరం, ఆటో జనరేటర్ స్టార్ట్ అంటారు, అది కొన్ని బండ్లలోనే ఉంటుంది. రెంటికీ పేరులో ఆటో ఉంది కాబట్టి కలిపేసుకుంటున్నారు. ఈ తికమక వల్ల నష్టం రెండువైపులా ఉంది. లేనివాళ్లు ఉందనుకుని, పెంపుడు కుక్కను ఏసీ బండిలో వదిలి బయటికెళ్తారు, కరెంటు పోతే జనరేటర్ అందుకుంటుందన్న ధీమాతో. ఉన్నవాళ్లు ఆ సంగతి మరచిపోయి బండిని మూసిన షెడ్డులో పెడతారు, బ్యాటరీ దిగగానే జనరేటర్ లేచి షెడ్డంతా కార్బన్ మోనాక్సైడ్ నింపుతుంది. వాసన, రంగు లేని విషం అది. షెడ్డులో పెట్టేటప్పుడు ఆ ఆటో స్టార్ట్‌ను ఆపేయాలి, బండిలో కార్బన్ మోనాక్సైడ్ అలారం పనిచేస్తోందో లేదో చూసుకోవాలి. ఇంత పెద్ద సంగతిని "దానంతట అదే" అన్న రెండు మాటల్లో తేల్చేస్తే ఎలా అండీ?

రెండో తప్పు, పట్టించుకోవాల్సిన పనే లేదనడం. అది ఎందుకు ప్రమాదమో చెప్పాలంటే న్యూట్రల్ గురించి కొంచెం వివరంగా రాయాలి, నా బండిలో కాలింది అదే కాబట్టి. ఇంటి చేంజోవర్‌లలో కొన్నిచోట్ల ఫేజ్ మాత్రమే మార్చి న్యూట్రల్‌ను అలాగే వదిలేస్తారు. మోటర్‌హోమ్‌లో ఫేజ్‌తో పాటు న్యూట్రల్ కూడా మారాలి, ఎర్త్ మాత్రం ఎప్పుడూ తెగకుండా నేరుగా పోవాలి. కారణం ఏమిటంటే, న్యూట్రల్‌నూ ఎర్త్‌నూ కలిపే ముడి ఒక్కచోటే ఉండాలి. బయటి కరెంటు మీద ఉన్నప్పుడు ఆ ముడి బయటి సర్వీసు దగ్గర ఉంటుంది, జనరేటర్ మీద ఉన్నప్పుడు జనరేటర్ దగ్గర. బండి లోపలి బ్రేకర్ల పెట్టెలో ఆ ముడి అసలు ఉండకూడదు. న్యూట్రల్‌ను మార్చకపోతే రెండు ముళ్లూ ఒకేసారి తగిలి, న్యూట్రల్‌లో పోవాల్సిన కరెంటు కొంత ఎర్త్ తీగలో, ఆ ఎర్త్‌కు కలిసిన బండి ఇనుప చట్రంలో కూడా పారుతుంది. ఇంటి పెట్టె చూసి అలవాటైన ఎలక్ట్రీషియన్లు బండిలో కూడా న్యూట్రల్, ఎర్త్ కలిపేయడం నేను చూశాను. పని తెలిసినవాళ్లే, బండి సంగతి తెలియదు, అంతే.

50 ఆంపియర్ల బండిలో సమస్య ఇంకా లోతుగా ఉంటుంది. 30 ఆంపియర్ల బండికి ఒకటే ఫేజ్, 120 వోల్టులు, మొత్తం 3600 వాట్లు. 50 ఆంపియర్ల బండికి రెండు ఫేజ్ తీగలొస్తాయి, ఒక్కోటి న్యూట్రల్‌తో 120, ఒకదానితో ఒకటి 240, ఒక్కో తీగలో 50 ఆంపియర్లు, అంటే మొత్తం 12,000 వాట్లు. 30 నుంచి 50కి పోతే రెట్టింపు కూడా కాదనుకుంటారు, నిజానికి మూడు రెట్లు దాటింది. ఈ రెండు వైపులకూ మధ్యలో నిలబడి సమం చేసేది న్యూట్రల్. అది తెగితే రెండు వైపుల సామాన్లూ ఒకే దండలో పూసల్లా సిరీస్‌లో పడి 240ని వాటిలో అవే పంచుకుంటాయి. ఏసీ, హీటర్ లాంటి పెద్ద లోడ్ ఉన్నవైపు వోల్టేజీ పడిపోతుంది, టీవీ లాంటి చిన్న లోడ్ ఉన్నవైపు లేచిపోతుంది. మా బండిలో 71, 168 అదే. 168 వైపున్న టీవీ, మైక్రోవేవ్, బ్యాటరీ ఛార్జర్ మూడూ పోయాయి.

స్తంభం దగ్గర నేను మంచి ప్రొటెక్టర్ పెట్టుకునే ఉన్నాను, వోల్టేజీ 104 కన్నా తగ్గినా 132 దాటినా తెంపేసే రకం. అది ఎందుకు తెంపలేదని మా ఆవిడ అడిగింది, న్యాయమైన ప్రశ్న. ప్రొటెక్టర్ ఉన్నచోట న్యూట్రల్ నిక్షేపంగా ఉంది, వోల్టేజీలు సరిగ్గానే ఉన్నాయి. తెగింది దాని తర్వాత, ట్రాన్స్‌ఫర్ స్విచ్ లోపల. కాపలావాడు గేటు దగ్గర ఉన్నాడు, దొంగతనం నడవాలో జరిగింది. ఇప్పుడు నేను ప్రొటెక్టర్‌ను ట్రాన్స్‌ఫర్ స్విచ్‌కూ బ్రేకర్ల పెట్టెకూ మధ్య వైరింగ్‌లోనే కలిపేశాను. బయటి కరెంటు, జనరేటర్ కరెంటు రెండూ దాని కళ్ల ముందు నుంచే పోతాయి, స్విచ్‌లో లోపం ఉన్నా పట్టేస్తుంది. అయితే స్తంభం దగ్గర వైరింగ్ తప్పుగా ఉంటే అది నా కేబుల్ దాకా వచ్చాకే తెలుస్తుంది, కాబట్టి ప్లగ్ పెట్టేముందు మీటర్‌తో సాకెట్ చూసే అలవాటు వదల్లేదు.

లూజ్ స్క్రూ అంత పని చేస్తుందా అనుకునేవాళ్లకు ఒక లెక్క. పుట్టే వేడి వాట్లలో కావాలంటే కరెంటును కరెంటుతోనే గుణించి, దాన్ని రెసిస్టెన్స్‌తో గుణించాలి. లూజ్ అయిన లగ్గు దగ్గర 0.05 ఓం ఉందనుకోండి, చాలా మీటర్లు సరిగ్గా కొలవలేనంత చిన్నది అది. దాని గుండా 40 ఆంపియర్లు పోతే 80 వాట్లు. ఆ చివర తగ్గేది 2 వోల్టులే, ఎవరికీ తెలియదు. కానీ 25 వాట్ల సోల్డరింగ్ ఐరన్ సోల్డర్‌ను కరిగించేస్తుంది, అలాంటివి మూడు కలిపి గాలి ఆడని పెట్టెలో ఒకే స్క్రూ మీద పెట్టినట్టన్నమాట. వేడెక్కితే లోహం వ్యాకోచిస్తుంది, చల్లారితే తగ్గుతుంది, ప్రతిసారీ పట్టు ఇంకొంచెం వదులవుతుంది, రెసిస్టెన్స్ ఇంకొంచెం పెరుగుతుంది, వేడి ఇంకా పెరుగుతుంది. పైగా ఇది ఇల్లు కాదు, బండి. గతుకుల్లో పడినప్పుడల్లా ప్రతి స్క్రూ అదురుతుంది. ఇంటి మెయిన్ బోర్డు ఇరవై ఏళ్లు కదలకుండా ఉండొచ్చు, ఇది ఒక్క ప్రయాణంలో ఇంటి బోర్డు జన్మలో చూడని కుదుపులు చూస్తుంది.

ఇన్వర్టర్ సంగతి క్లుప్తంగా. చాలా బ్యాటరీ ఇన్వర్టర్లకు లోపలే తనదైన చిన్న ట్రాన్స్‌ఫర్ రిలే ఉంటుంది, అది మిల్లీసెకన్లలో మారిపోతుంది కాబట్టి కంప్యూటర్ ఆగదు. మంచం కింది పెద్ద స్విచ్‌కు అంత తొందర లేదు, ఉండకూడదు కూడా, ఒకదాన్ని పూర్తిగా వదిలాకే రెండోదాన్ని పట్టుకోవాలి. తర్వాత సొంతంగా ఇన్వర్టర్ పెట్టించుకునేవాళ్లు ఒక పొరపాటు చేస్తారు. ఇన్వర్టర్ కరెంటును మొత్తం బ్రేకర్ల పెట్టెకు ఇచ్చేస్తారు, అదే పెట్టె మీద బ్యాటరీ ఛార్జర్ కూడా ఉంటుంది. అప్పుడు బ్యాటరీ తనను తానే ఛార్జ్ చేసుకుంటూ దారిలో పోయే నష్టంతో ఖాళీ అయిపోతుంది. ఛార్జర్ ఆ సరఫరాలో ఉండకూడదు.

నేను ఇప్పుడు పాటించేవి చెప్తాను, కష్టమైనవేమీ కావు. ఏసీ, హీటర్ ఆన్‌లో ఉండగా జనరేటర్ ఆపను, ప్లగ్ లాగను. ముందు పెద్ద లోడ్లు ఆపేస్తాను, జనరేటర్‌ను కొన్ని నిమిషాలు ఖాళీగా తిరగనిచ్చి అప్పుడు ఆపుతాను. లోడ్‌తో ఆపితే ఇంజిన్ వేగం తగ్గే ఆ రెండు క్షణాల్లో కాయిల్ పట్టు సడలి, కాంటాక్టులు వణికి, నిప్పురవ్వలు లేస్తాయి, ఒక్కో రవ్వ కాంటాక్టు మీద ఒక్కో గుంట. ప్లగ్ పెట్టేటప్పుడు స్తంభం దగ్గర బ్రేకర్ దించి, ప్లగ్ పూర్తిగా దిగాక బ్రేకర్ వేస్తాను. ఏసీ ఆపాక మూడు నిమిషాలైనా ఆగి మళ్లీ వేస్తాను, గ్యాసు ప్రెషర్ సర్దుకోకుండా కంప్రెసర్‌ను లేపితే అది లాగే కరెంటంతా ఈ కాంటాక్టుల మీద నుంచే పోవాలి.

ఏడాదికోసారి, సుదూర ప్రయాణం చేస్తే వచ్చాక ఇంకోసారి, మూత విప్పుతాను. బయటి ప్లగ్ తీసి, జనరేటర్ ఆపి, ఆటో స్టార్ట్ ఉంటే దాన్నీ ఆపి, ఇన్వర్టర్ ఆపి, అప్పుడు కూడా మీటర్‌తో ప్రతి టెర్మినల్ చూసి, కరెంటు లేదని రూఢి చేసుకున్నాకే స్క్రూడ్రైవర్ లోపలికి పోతుంది. స్క్రూలను బలం కొద్దీ బిగించకూడదు, ఎంత బిగించాలో పెట్టె మూత లోపల లేబుల్ మీద అంకె ఉంటుంది, ఎంత బలంతో తిప్పుతున్నామో చూపే టార్క్ స్క్రూడ్రైవర్‌తో అంతే బిగించాలి. అతిగా బిగిస్తే తీగలు నలిగి తెగుతాయి, లగ్గు పగులుతుంది, అదీ చివరికి లూజ్ కనెక్షనే. రంగు మారిన ఇన్సులేషన్ ఒక్కచోట కనిపించినా నేను బిగించి ఊరుకోను, ఆ వైరు మంచి రాగి కనిపించేదాకా కత్తిరిస్తాను, స్విచ్ మొత్తం మార్చేస్తాను. కాంటాక్టులను గరుకు కాగితంతో రుద్దమని కొందరు సలహా ఇస్తారు, దయచేసి వినకండి, వాటి మీద ఉండేది వెండి కలిసిన పల్చటి పూత లాంటి బిళ్ల, రుద్దితే పోయేది అదే. కొత్త స్విచ్ కొనేటప్పుడు 50 ఆంపియర్ల బండికి 50దే పెట్టాలి, జనరేటర్ చిన్నదే కదా అని 30ది పెడితే బయటి కరెంటు మీద ఉన్నప్పుడు కాలుతుంది. ఈ పని మీద చెయ్యి తిరగనివాళ్లు చేయొద్దు, తెలిసిన ఎలక్ట్రీషియన్‌ను పిలవండి, కానీ పక్కన నిలబడి మూత విప్పించి మీ కళ్లతో చూడండి. నాకు రాసిచ్చిన కాగితంలో "బాగుంది" అని ఉంది, మూత స్క్రూల మీద పెయింటు కూడా చెదరలేదు. అంటే ఎవరూ విప్పలేదనేగా. ఆ ఆనవాలు నేను కొన్న రోజే చూడాల్సింది.

విప్పకుండా తెలుసుకునే దారి కూడా ఒకటుంది. ఏసీ, హీటర్ వేసి అరగంట నడిపి, పెట్టె మూత మీద అరచెయ్యి ఆనించండి. గోరువెచ్చగా ఉంటే ఫర్వాలేదు, కాయిల్‌కు సహజంగా కొంత వేడి ఉంటుంది. ఒక మూల మాత్రం మిగతా పెట్టె కన్నా బాగా వేడిగా తగిలితే ఆ మూలలో లూజ్ కనెక్షన్ ఉందన్నమాట, వెంటనే లోడ్ తీసేయండి.

సంపాదకుడు గారూ, మీ పేపరు చదివి బండి కొనేవాళ్లున్నారు, అద్దెకు తీసుకునేవాళ్లు ఇంకా ఎక్కువమంది ఉన్నారు. అద్దెకు తీసుకునేవాళ్లకు ఆ పెట్టె ఎక్కడుందో కూడా ఎవరూ చూపించరు. మంచం కిందో, మెట్ల పక్క అరలోనో, వెనక లగేజీ గదిలోనో ఉంటుంది, దాని మీద దుప్పట్లు, కాగితాలు కుక్కి పెడతారు. మీరు మళ్లీ ఇలాంటి వ్యాసం వేసినప్పుడు మంచం ఫొటో పక్కన ఆ మంచం కింది పెట్టె ఫొటో కూడా ఒకటి వేయండి, చిన్నదైనా చాలు.

ఇంకో విన్నపం. ఆ వాక్యానికి సవరణ వేయండి. నేనే రాసిస్తున్నాను, మీకు నచ్చినట్టు మార్చుకోండి: "బయట కరెంటు పోతే జనరేటర్‌ను మీరే స్టార్ట్ చేయాలి, అర నిమిషం ఆగితే ట్రాన్స్‌ఫర్ స్విచ్ ఆ కరెంటును లోపలికి పంపుతుంది. స్విచ్ పెట్టెను ఏడాదికోసారి విప్పించి, స్క్రూలు బిగించి ఉన్నాయో లేదో చూపించుకోండి."

ఇట్లు,
మీ పాఠకుడు, ఒక రిటైర్డ్ ఎలక్ట్రీషియన్